గ్రూపు ఎన్నిక - వైద్యకళాశాల ప్రవేశము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



జూన్ మాసము వచ్చినదనిన పల్లెలలో రెండు పనులు ఒకేసారి మొదలగును. విత్తనములు తెచ్చుకొనుట ఒకటి. పదవ తరగతి గట్టెక్కిన బిడ్డను ఏ కళాశాలలో, ఏ గ్రూపులో చేర్చవలెనని తర్జనభర్జన పడుట రెండవది. విత్తనము విషయములో రైతు నలుగురిని అడుగును, నేలను చూచుకొనును, నిరుడు ఆ విత్తనము ఎవరికి మొలిచినదో, ఎవరికి మొలవలేదో ఆరా తీయును. బిడ్డ విషయములో మాత్రము సికింద్రాబాదులో బస్సు దిగిన వెంటనే చేతికి వచ్చిన రంగు కాగితమును చూచి నిశ్చయము చేయుటయు కలదు. దరఖాస్తులో 'గ్రూపు' అను గడి అంగుళము పొడవైనను ఉండదు. పదిహేనేండ్ల పిల్ల ఆ గడిలో వ్రాయు మూడక్షరములు, ఆమె వైద్యురాలగునో కాదో చాలవరకు అప్పుడే తేల్చివేయును.

ఈ విషయమున రెండు మాటలు ఊళ్లలో చెల్లుబడి యగుచున్నవి. అమెరికాలో నున్న బంధువు ఫోనులో చెప్పిన మాట మొదటిది: "ఇక్కడ చరిత్ర చదివినవాడు కూడ డాక్టరు అవుతున్నాడు, ఏది చదివినా ఫరవాలేదు." పట్నములో చదువుకొని వచ్చిన పొరుగింటివాడు చెప్పిన మాట రెండవది: "డాక్టరు కావలెనంటే బై.పి.సి. చాలు, లెక్కల బాధ ఉండదు." మొదటి మాట అమెరికాలో నిజము, ఇచ్చట కాదు. రెండవ మాట సగము నిజము. మిగిలిన సగమే పిల్లలను ముంచుచున్నది. ఈ రెండు మాటలలోని నిజమెంతయో తెలియుటకు కొంత వెనుకటి కథ అవసరము.

సికింద్రాబాదు వైద్యశాస్త్ర చరిత్రలో శాశ్వతముగా నిలిచిన ఊరు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు బేగంపేటలో దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఈ సంగతి పాఠ్యపుస్తకములలో నున్నది. లేని సంగతి యేమనగా, రాస్ వైద్యుడు కావలెనని కోరుకొన్నవాడు కాడు. 1857లో అల్మోరాలో పుట్టిన ఆయన మనసు కవిత్వము మీదను, సంగీతము మీదను, బొమ్మల మీదను ఉండెను. సైన్యములో అధికారియైన తండ్రి పట్టుబట్టి లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో చేర్పించెను. చదువు అంతంతమాత్రముగ సాగినది. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడలలో వైద్యుడుగా తిరిగి, మరల వ్రాసి నెగ్గెను. ఆయనకు మిక్కిలి ప్రీతియైన మరియొక శాస్త్రము గణితము. దానిని ఎవరి యొద్దను చదువుకొనక తానే నేర్చుకొనెను. దోమలు ఎన్ని తగ్గిన మలేరియా ఎంత తగ్గునో లెక్కగట్టి చెప్పిన తొలివారిలో ఆయన యొకడు. నేడు ఏ వ్యాధి ఎంతమందికి వ్యాపించునో లెక్కలు వేయువారందరు ఆయన వేసిన బాటలోనే నడచుచున్నారు. గణితము వైద్యునకు పనికిరాదని చెప్పువారు బేగంపేట దారిన పోవునప్పుడు ఒక్క నిముషము ఆగి ఆలోచింపవచ్చును.

తెలుగువారిలో ఆచంట లక్ష్మీపతిగారి కథ గ్రంథాలయమువారికి మరింత దగ్గరిది. ఆయన బి.ఏ. పట్టము పొందిన తరువాత మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివిరి; పిమ్మట ఆయుర్వేదములో పేరుగాంచిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రభృతులు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలికి 'జీవశాస్త్రము' వ్రాసి యిచ్చినది ఈయనయే. ఇంగ్లీషు రానివాడు సైతము జీవకణమనగా నేమో తెలిసికొనుటకు ఆనాడు తెలుగున పుస్తకము వచ్చినది. సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము 1905లోనే వెలసినది. పట్టము తెచ్చుకొన్న తరువాత వైద్యములో చేరుటకు ఆ తరమువారికి వీలుండెను. పదిహేనవ యేటనే ద్వారము మూసికొనుట అప్పటికింకను రాలేదు.

హైదరాబాదు రాజ్యములో 1846లో వైద్య పాఠశాల నెలకొల్పినప్పుడు తొలి విద్యార్థులకు ఉర్దూలో బోధించిరి. అదియే తరువాత ఉస్మానియా వైద్యకళాశాలయైనది. రెండవదియైన గాంధీ వైద్యకళాశాల 1954లో ఏర్పడినది. 2003లో అది సికింద్రాబాదు పక్కనే ముషీరాబాదునకు తరలినది. ఈ రెండు కళాశాలలలో సీటు వచ్చుట తెలంగాణ పల్లెలలో ఈనాటికిని పండుగవంటి వార్త.

ఈ కళాశాలలలో చేరు పద్ధతి మాత్రము పలుమార్లు మారినది. 1950ల తుదినుండి పి.యు.సి. యను ఒక సంవత్సరపు చదువు ఉండెడిది. దాని తరువాత వైద్యమునకు పోవువారు వృత్తివిద్యకు ముందటిదగు మరియొక సంవత్సరము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివెడివారు. అనగా వైద్యకళాశాల గడప దగ్గరనే ఒక ఏడాది సర్దుబాటునకు అవకాశముండెడిది. 1969-70లో ఆంధ్రప్రదేశ్‌లో రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడినది. అప్పటినుండి ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అను పేర్లు ఇంటింట వినబడుచున్నవి. గ్రూపు ఎన్నుకొను వయస్సు పదిహేను, పదహారేండ్లకు దిగినది. గడప దగ్గరి సర్దుబాటు సంవత్సరము పోయినది.

1986 మొదలు ఎంసెట్ పరీక్ష జరుగసాగెను. అందు వైద్యమునకు వ్రాయువారికి 160 ప్రశ్నలు. సగము జీవశాస్త్రము, మిగిలిన సగములో భౌతికము నలుబది, రసాయనము నలుబది. తరువాత దేశమంతటికి ఒకే పరీక్ష యుండవలెనని నీట్ వచ్చినది. 2013 మే 5న మొదటిసారి జరిగినది. ఆ యేడు జూలైలోనే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2016లో ఆ తీర్పును ఉపసంహరించుకొన్నది. ఆ 2016వ సంవత్సరమున తెలంగాణలో ఎంసెట్ వైద్యపరీక్ష ప్రశ్నపత్రము వెల్లడియై, పిల్లలు మూడవసారి పరీక్ష వ్రాయవలసి వచ్చినది. ఆ వేసవిలో ఇంట పిల్ల ఉన్నవారికి అది మరుపునకు వచ్చు సంగతి కాదు. 2017 నుండి రాష్ట్రపు సీట్లకును నీట్ ర్యాంకే ఆధారము.

ఇప్పుడు అసలు నిబంధన. ఎం.బి.బి.ఎస్.లో చేరుటకు ఇంటర్మీడియట్‌లో గాని దానితో సమానమైన పరీక్షలో గాని భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము లేక జీవసాంకేతికశాస్త్రము, ఇంగ్లీషు - ఇవి చదివి ఉత్తీర్ణులు కావలెను. మొదటి మూడింటను కలిపి సాధారణ వర్గమువారికి నూటికి 50, వెనుకబడిన, షెడ్యూల్డు కులముల, తెగలవారికి 40 మార్కులు రావలెను. ఇవి అర్హతకే, ఇంటర్మీడియట్‌లో 1000కి 990 వచ్చినను ర్యాంకులో ఒక్క మెట్టు పెరుగదు. వేయి మార్కుల కొరకు భాషాపుస్తకములు కంఠస్థము చేయించి నీట్‌ను చివరి రెండు నెలలకు నెట్టిన ఇండ్లు అనేకములు గలవు. ఆ పిల్లల కృషిలో లోపము లేదు. లెక్క తప్పినది పెద్దలది.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. జీవశాస్త్రము 90 ప్రశ్నలు, భౌతికము 45, రసాయనము 45. సరియైన జవాబునకు నాలుగు మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత. ఇటీవలి సంవత్సరములలో ఇద్దరికి సమానముగా వచ్చినపుడు ముందు జీవశాస్త్రపు మార్కులనే చూచుచున్నారు. ఇంతవరకు వినినవారు పొరుగింటివాని మాటయే నిజమని తల ఊపుదురు. కాని ఆగవలెను.

2025లో ఈ పరీక్ష 22 లక్షలమందికి పైగా వ్రాసిరి. 12 లక్షలకు పైగా 'అర్హులు' అయిరి. దేశమంతట ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షయు కొంత చిల్లరయు. ప్రభుత్వ కళాశాలలలో నున్నవి అందులో సుమారు సగమే. కనుక 'మా వాడు నీట్‌లో అర్హుడైనాడు' అను మాట విని మిఠాయి పంచుట తొందరపాటు. అర్హులైన సుమారు పదిమందిలో ఒకనికే సీటు. ఆ ఒక్కనిని మిగిలినవారి నుండి వేరు చేయునది ఏది? జీవశాస్త్రము అందరును చదువుదురు. మంచి ర్యాంకు కోరువారందరికి అందులో మార్కులు వచ్చును. తేడా పడునది భౌతికశాస్త్రమునందు. 2025లో భౌతిక ప్రశ్నలు కఠినముగా నుండినవని దేశమంతట వినవచ్చినది. ఆ యేడు ప్రథమస్థానము పొందినవారికే 720కి 686 మార్కులు వచ్చినవి.

బై.పి.సి. విద్యార్థికి భౌతికశాస్త్రము ఏల కష్టము? ఈ ప్రశ్నను ఎవరును పిల్లవానికి ముందుగా చెప్పరు. పదవ తరగతితో అతడు గణితమునకు సెలవు చెప్పును. అందుకే ఆ గ్రూపులో చేరినవారును కలరు. చేరిన నెల తిరుగక ముందే భౌతిక ఉపన్యాసకుడు నల్లబల్లపై సదిశలు వ్రాయును, సైన్, కొసైన్ వ్రాయును, వేగము మారు రేటును అవకలనముతో చూపును. పక్కగదిలో ఎం.పి.సి. పిల్లలు అదే వారములో ఇవే సంగతులను గణిత తరగతిలో నేర్చుకొనుచుందురు. వీనికి ఆ తరగతి లేదు. వీడు సూత్రమును బట్టీ పట్టును. ఇంటర్మీడియట్ పరీక్షకు బట్టీ చాలును; సూత్రము వ్రాసి, పటము గీసి, నిర్వచనము చెప్పిన మార్కులు పడును. నీట్‌లో సూత్రము ఎవరును అడుగరు. విసరిన రాయి ఎంత ఎత్తునకు పోవును, రేడియోధార్మిక పదార్థము ఎన్ని దినములలో ఎనిమిదవ వంతగును, రెండు నిరోధములను ఇట్లు కలిపిన విద్యుత్తు ఎంత - ఇట్లు అడుగుదురు. లెక్కగట్టు యంత్రము ఉండదు, లాగరిథము పట్టిక ఉండదు. నూట ఎనుబది ప్రశ్నలకు నూట ఎనుబది నిముషములు. జీవశాస్త్రపు ప్రశ్నకు జ్ఞాపకమున్న పావు నిముషము చాలును. ఆ మిగిల్చిన కాలమును భౌతికపు లెక్క మింగివేయును. చేతిలో లెక్క ఆడనివాడు అచ్చటనే చతికిలబడును.

దీనికి మందు కష్టమైనది కాదు. కాలము మించక ముందు వేయవలెను. పదవ తరగతి పరీక్షలు ముగిసి కళాశాల తెరచులోపల దొరకు వేసవిలో త్రికోణమితిని, వర్గసమీకరణములను మరల చేయవలెను. తెలుగు అకాడమి ప్రచురించిన ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు గణిత పుస్తకములు, 1-ఎ, 1-బి అనునవి, బై.పి.సి. పిల్లల చేత ఎవరును కొనిపింపరు. వానిలో సదిశల అధ్యాయము, త్రికోణమితి, అవకలనపు మొదటి పాఠములు - ఇంతే కావలసినది. మొత్తము పుస్తకము కాదు. గ్రంథాలయమువారు ఆ రెండు పుస్తకములు నాలుగేసి ప్రతులు ఉంచిన, ఊరిలో ఎం.పి.సి. చదివిన పెద్దపిల్ల ఒకతె సాయంకాలము గంటసేపు కూర్చుండి చెప్పిన, ఈ లోటు చాలవరకు తీరును. డబ్బు పెట్టి కొనదగిన శిక్షణలలో ఇంతకంటె ఎక్కువ ఫలితమిచ్చునది అరుదు.

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు ఇంకొక సంగతి. 2017 నుండి నీట్ ప్రశ్నపత్రము తెలుగులోను లభించుచున్నది. అందు ఇంగ్లీషు పాఠము కూడ పక్కనే యుండును. తేడా వచ్చినచో ఇంగ్లీషుదే ప్రమాణము. కనుక 'హరితరేణువు' అని చదివిన పిల్ల 'క్లోరోప్లాస్ట్' అనియు ఎరిగియుండవలెను. జీవశాస్త్ర ప్రశ్నలు ఎక్కువగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకముల ననుసరించి వచ్చును గనుక ఆ పుస్తకములును గ్రంథాలయపు బీరువాలో నుండవలసినవే.

ఇక ఎం.పి.సి.లో చేరి మనసు మారినవాని సంగతి. ఇంటిలో పెద్దవాడు జబ్బుపడి గాంధీ ఆసుపత్రిలో నెలరోజులు ఉన్నచో, పక్కన కూర్చున్న మనుమనికి వైద్యము మీద మనసు మళ్లవచ్చును. అట్టివానికి చాలకాలము దారి లేకుండెను. రెండేండ్లు క్రమముగా కళాశాలలో జీవశాస్త్రము చదివియుండవలెను. అదనపు విషయముగా వేరుగా వ్రాసిన చెల్లదు అని వైద్యమండలి పట్టుదల. 2018లో సార్వత్రిక పాఠశాలలో చదివినవారిని సైతము త్రోసిపుచ్చిరి. ఆ యేడే ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినది. మండలి స్థానమున 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషను 2023 నవంబరులో ప్రకటన చేసి ఈ కట్టును సడలించినది. పన్నెండవ తరగతి ఉత్తీర్ణుడైన తరువాత జీవశాస్త్రమును అదనపు విషయముగా గుర్తింపుగల బోర్డులో వ్రాసి నెగ్గినను నీట్‌కు అర్హుడే. ఎం.పి.సి. చదివినవానికి భౌతికము, రసాయనము, ఇంగ్లీషు ముందే యున్నవి; జీవశాస్త్రమొక్కటి చేర్చుకొనవలెను. అతనికి భౌతికశాస్త్రమున మంచి పట్టుండుట వలన, ఒక్క యేడాది జీవశాస్త్రమును దీక్షతో చదివిన, బై.పి.సి. వానికి దీటుగా నిలువగలడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొక అడుగు ముందుకు వేసిరి. 2025-26 నుండి అచ్చటి ఇంటర్మీడియట్ బోర్డు వృక్ష, జంతుశాస్త్రములను జీవశాస్త్రముగా కలిపి, గణితమును జీవశాస్త్రమును రెండును చదువు ఏర్పాటును తెచ్చినది. భారము పెరుగును, నిజమే. రెండు పడవల మీద కాళ్లు పెట్టుట అని పెదవి విరచువారును కలరు. పదిహేనేండ్ల పిల్లకు ఇంజనీరో డాక్టరో తేల్చుకొమ్మని గడువు పెట్టుటకంటె ఇది మేలని తోచును. కాని చదువులో చురుకైన పిల్లలకే ఇది తగును.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవారి సంగతి వేరు. భౌతిక, రసాయన శాస్త్రములు కూడ లేనందున వారు సైన్సు ఇంటర్మీడియట్ మొదటినుండి చదువవలసినదే. డిగ్రీతో సరిదిద్దుకొందమనుకొనుటయు పొరపాటు. 1997 నాటి నిబంధనలలో బి.ఎస్‌సి. ఉత్తీర్ణులకు స్థానము కలదు గాని, వారును అంతకుముందు ఇంటర్మీడియట్‌లో ఆ సైన్సు విషయములు చదివియుండవలెనని షరతు ఉండెను. బి.ఏ. పట్టము చేతబట్టుకొని వైద్యమునకు పోయిన లక్ష్మీపతిగారి దారి నేడు ఈ దేశములో లేదు.

ఆ దారి అమెరికాలో ఉన్నది. బంధువు ఫోనులో చెప్పినది అబద్ధము కాదు. అచ్చట వైద్యకళాశాలలో చేరుటకు ముందు నాలుగేండ్ల పట్టము ఉండవలెను; బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల 1893లో తెరచినప్పుడే ఈ కట్టుబాటు పెట్టినది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను విద్యావేత్త దేశములోని వైద్యకళాశాలలన్నిటిని చూచివచ్చి, చేరువారికి ముందే భౌతిక, రసాయన, జీవశాస్త్రములు వచ్చి తీరవలెనని నివేదిక వ్రాసెను. ఆ రెండును కలిసి నేటి పద్ధతి యైనది. పట్టము దేనిలో నైనను సరే - చరిత్ర, సంగీతము, గణితము, తత్త్వశాస్త్రము. కాని ఆ పట్టముతోపాటు జీవశాస్త్రము, రసాయనము, కర్బన రసాయనము, భౌతికము ప్రయోగశాలలతో సహా చదివి, ఎం.క్యాట్. అను ప్రవేశపరీక్ష వ్రాయవలెను. బంధువు ఫోనులో ఈ రెండవ సగము చెప్పుట మరచిపోవును. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాల మాత్రము 1987 నుండి సాహిత్యము, చరిత్ర చదివిన కొందరిని ఆ ప్రవేశపరీక్ష సైతము లేకుండ చేర్చుకొనుచు వచ్చినది. వారు వైద్యవిద్యలో ఇతరులకు తీసిపోలేదు.

దరఖాస్తు పెట్టువారిలో సగమునకు పైగా జీవశాస్త్రము చదివినవారే. సాహిత్యము, చరిత్ర చదివినవారు కొద్దిమందే. అయినను సీటు దొరకువారి పాలు చూచిన ఆ కొద్దిమంది వెనుకబడి లేరు. దీనినిబట్టి చరిత్ర చదివిన సీటు తేలికగా వచ్చునని కాదు. రెండు బరువులు మోయగలిగినవాడే ఆ దారి పట్టును గనుక, అతని గెలుపు అతని శక్తిని చెప్పును గాని చరిత్ర పుస్తకపు మహిమను కాదు. అచ్చటి తెలుగు కుటుంబములలోని పిల్లలును ఎక్కువమంది జీవశాస్త్రమే పట్టుకొందురని వినికిడి. తల్లిదండ్రుల భయము సముద్రము దాటినంత మాత్రమున పోదు.

2015లో ఎం.క్యాట్.లో మనస్తత్వ, సమాజ శాస్త్రములను చేర్చిరి. రోగిని వాని ఇంటినుండి, కూలినుండి, భయమునుండి వేరుచేసి చూడరాదని దాని ఉద్దేశము. ఇచ్చటి ప్రవేశపరీక్షలో అట్టి ప్రశ్న ఒక్కటియు లేదు. కనుక ఇచ్చట అవి సీటు కొరకు చదువవలసినవి కావు. సీటు వచ్చిన తరువాత, గాంధీ ఆసుపత్రి ఓ.పి. వరుసలో నిలుచున్న ముసలమ్మ మాట అర్థము చేసికొనుటకు పనికివచ్చును.

గ్రూపుతోపాటు చదువు స్థలమును గూర్చియు ఒక్క మాట చెప్పక తప్పదు. మంచి శిక్షణ యనుచు పిల్లలను ఇంటర్మీడియట్‌కు ఇతర రాష్ట్రములకు పంపువారు పెరిగిరి. తెలంగాణలో వైద్యసీట్లకు స్థానికుడు కావలెనన్న, ఇంటర్మీడియట్ వరకు గల నాలుగు సంవత్సరములు వరుసగా ఈ రాష్ట్రములోనే చదివియుండవలెనని 2024లో నిబంధన చేసిరి. దానిపై హైకోర్టులో వాదములు జరిగినవి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రపు నిబంధననే సమర్థించినది. ప్రభుత్వోద్యోగుల పిల్లలు మొదలగు కొందరికి మినహాయింపులు గలవు. రైతునకు, కూలికి లేవు. ప్రభుత్వ కళాశాలలలో నూటికి 85 సీట్లు రాష్ట్రము చేతిలోనివి. 15 మాత్రమే అఖిలభారత కోటా. ఆ ఎనుబదియైదింటిని వదలుకొని పదునైదింటి కొరకు పోరాడుట, ఇంటిముందు చెరువు విడిచి ఎండమావుల వెంట పోవుట. పదవ తరగతి తరువాత విజయవాడకో కోటాకో పంపదలచినవారు వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమువారు ఏటేట ప్రకటించు ప్రవేశ నిబంధనలను ముందు చదివించుకొనవలెను. బోర్డునకును ఆ విశ్వవిద్యాలయమునకును సంబంధించిన ప్రకటనలను వార్తాపత్రికనుండి కత్తిరించి గ్రంథాలయపు గోడకు అంటించు పని ఒక సభ్యునకు అప్పగింపదగినది.

బై.పి.సి. చదివి వైద్యసీటు రానివాడు నష్టపోయినట్లు కాదు. ఆయుర్వేదము, హోమియో నీట్ ర్యాంకుతోనే దొరకును. వ్యవసాయశాస్త్రమునకు, ఫార్మసీకి రాష్ట్రపు ఇ.ఎ.పి.సెట్ కలదు, ఎంసెట్‌కే తెలంగాణలో 2024 నుండి ఈ పేరు. పశువైద్యము, నర్సింగు, ఫిజియోథెరపీ ఉన్నవి. జీవసాంకేతిక, జీవవైద్య ఇంజనీరింగులలో బై.పి.సి. వారిని చేర్చుకొని గణితమున బ్రిడ్జి కోర్సు చెప్పుదురు. ఫార్మసీలో ఎం.పి.సి. వారును చేరవచ్చును. వ్యవసాయము తెలిసిన ఇంట పుట్టిన పిల్ల వ్యవసాయశాస్త్రము చదువుట ఓటమి అనుకొను అలవాటు ఎక్కడినుండి వచ్చినదో తెలియదు.

మరల మరల వ్రాయుట - లాంగ్ టర్మ్ అని పట్నములో దీనికి పేరు. ఒక్క యేడాది ఆగి వ్రాసి సీటు పొందినవారు చాలమంది కలరు; అది తప్పు కాదు. ఎల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడవసారి గాని నెగ్గలేదని పెద్దలు ఉదాహరింతురు. కాని ఆయన దాటవలసినది తన పరీక్షను మాత్రమే; ఇరువదిరెండు లక్షలమందిని కాదు. రెండవసారి వ్రాయుటకు ముందు తండ్రి చూడవలసినది పిల్లవాని మొత్తము మార్కులు కాదు, విడివిడి మార్కులు. జీవశాస్త్రమున మంచి మార్కులు వచ్చి భౌతికమున తప్పినచో ఇంకొక యేడాదికి అర్థమున్నది; ఆ యేడాది గణితముతో మొదలు పెట్టవలెను. మూడింటను సమానముగా తక్కువైనచో, అప్పు చేసి మూడవ యేడు, నాలుగవ యేడు హాస్టలులో ఉంచుట పిల్లవాని మీద మోపు భారము. ఆ ఫీజుల కొరకు అమ్మిన కుంట భూమి తిరిగి రాదని ఎరిగిన పిల్లవాడు రాత్రి నిద్రపోడు. ఈ మాట తల్లిదండ్రులు తమలో తాము అనుకొనక, పిల్లవాని ఎదుట కూర్చుండి మాటలాడవలసినది.

ఇట్టి సభలలో తప్పక వచ్చు ప్రశ్న ఒకటున్నది. "మా అమ్మాయి ఎం.పి.సి.లో చేరి రెండు నెలలైనది, ఇప్పుడు డాక్టరు చదువు అంటున్నది, ఏమి చేయవలెను?" చేరికల గడువు ముగియకున్నచో ప్రిన్సిపాలును కలిసి గ్రూపు మార్చుకొనవచ్చును, రెండు నెలల వృక్ష, జంతుశాస్త్ర పాఠములు దసరా సెలవులలో అందుకొనవచ్చును. గడువు ముగిసినచో ఎం.పి.సి. వదలిపెట్టరాదు, దానిని పూర్తిచేసి, జీవశాస్త్రమును అదనముగా వ్రాసి, అది నెగ్గినట్లు బోర్డు ధ్రువపత్రము తీసికొని నీట్ వ్రాయవలెను. డిసెంబరు 31 నాటికి పదిహేడేండ్లు నిండియుండవలెను. పై వయోపరిమితిని 2022లో తీసివేసిరి.